ఊడిన కుట్ల పట్టిక

1, సోమవారం. ఉదయం 6.10

నిర్ణయం తీసుకున్నాను! సంచికి పట్టీలు నేనే కుడతాను. రెండు పట్టీలు. గడువు పద్నాలుగో తారీఖు. ఎవరి సాయమూ తీసుకోను. మొదలుపెడితే మధ్యలో ఆపే రకం కాదు నేను.

అసలు సంగతి రాసి పెట్టుకోవాలి. మా ఆవిడకి పదిహేడేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగం వచ్చింది. లైబ్రరీలో. పదిహేనో తారీఖున చేరాలి. ఆ కబురు తెలిసిన రోజే అత్తయ్య, అంటే వాళ్లమ్మ, నీలం రంగు మందపాటి గుడ్డ తీసి కూతురికి సంచి కుట్టడం మొదలుపెట్టింది. నలభై ఏళ్లు వీధి మొత్తానికీ బట్టలు కుట్టిన మనిషి. లోపల మూడు జేబులు: కళ్లజోడుకి, నీళ్లసీసాకి, తాళాలకి. అడుగున రెండు పొరలు. అంతా అయింది, పట్టీలు తప్ప. సరిగ్గా అప్పుడే ఆవిడ కుడిచేతి బొటనవేలూ, చూపుడువేలూ పట్టు తప్పాయి. సూది పట్టుకుంటే జారిపోతోంది.

డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నాడు. "వేళ్లకి పని చెప్పకపోతే బిగుసుకుపోతాయి. తర్వాత నేను కూడా ఏం చెయ్యలేను" అన్నాడు. అత్తయ్య ఆ బంతిని కిటికీ గూట్లో పెట్టేసింది. "బంతితో ఆడుకోవడానికి నేనేమన్నా పసిపిల్లనా?" అంది. నెలరోజులుగా ఆ కిటికీ దగ్గరే కుర్చీలో కూచుని వీధి చూస్తోంది. చేతులు ఒళ్లో ఉంటాయి. మాటలు బాగా తగ్గిపోయాయి.

నిన్న భోజనాల దగ్గర మా ఆవిడ, "పట్టీలు బయట కుట్టిస్తాలే అమ్మా" అంది. అత్తయ్య కంచంలోంచి తలెత్తలేదు. నాకే ఏదోలా అయింది. "పట్టీలేగా! రెండు గుడ్డ పీలికలు. నేను కుడతాను" అనేశాను.

మా ఆవిడ నవ్వింది. మా అమ్మాయి నవ్వింది (పన్నెండేళ్లు, దానికీ నేను లోకువే). అత్తయ్య మాత్రం నవ్వలేదు. "సంచి ఎవరైనా కుడతారు బాబూ. బరువు మోసేది పట్టీ" అంది.

అలాగే మోయిస్తాను. నేనెవర్ని? తూనికలు కొలతల ఆఫీసులో ముప్పయ్యేళ్ల అనుభవం. ఈ ఊళ్లో నా ముద్ర లేని తక్కెడ లేదు, గజంబద్ద లేదు. రెండు పట్టీలు సమానంగా కొయ్యలేనా?

2, మంగళవారం. సాయంత్రం 6.30

కొన్నవి:
కత్తెర (ఇంట్లో నాలుగున్నాయి, నా చేతికి తగ్గది లేదు).
సుద్దముక్కలు, తెలుపూ పసుపూ. నీలం మీద ఏది కనిపిస్తుందో తెలీక రెండూ.
నీలం దారం, ఆరు ఉండలు.
సూదులు ఇరవై.
కుర్చీలోకి మెత్త.
టేపు కొనలేదు. ఆఫీసుది తెచ్చాను, ముద్ర ఉన్నది.

అన్నీ బల్లమీద వరసగా పేర్చాను. అమ్మాయి వచ్చి చూసింది. "నాన్నా, పారాచూట్ కుడుతున్నావా?"

7.15: అత్తయ్య తొక్కుడు మిషను మూత తీశాను. నూనె వేశాను.
7.40: నూనె ఎక్కువైంది.
8.00: నేల తుడిచాను. ఈ రోజుకి చాలు. పని సగం అయినట్టే! మా ఆవిడ మాత్రం "ఇల్లు అలకగానే పండగ కాదు" అంటూ వెళ్లి పడుకుంది.

3, బుధవారం. సాయంత్రం 6.30

తొందరపడకూడదు. ముందు విషయం తెలుసుకోవాలి. ఫోన్లో "ఐదు నిమిషాల్లో సంచి పట్టీ" అనే వీడియోలు పద్నాలుగు చూశాను. మొత్తం రెండు గంటల పది నిమిషాలు. ఆ టైములో ఇరవై ఆరు పట్టీలు కుట్టొచ్చని అమ్మాయి లెక్క కట్టి చెప్పింది. దానికి లెక్కలు నేర్పింది నేనే. తాడే పామై కరిచింది.

4, గురువారం. సాయంత్రం 6.30

ఈ రోజే శుభారంభం! సంచి కుట్టగా మిగిలిన గుడ్డ కింద పరిచాను. టేపు నా భుజం మీంచి వేసుకుని కొలత తీశాను. ముప్పై అంగుళాలు. కోశాను. చప్పుడు బ్రహ్మాండంగా ఉంది.

వీడియో పద్ధతి: గుడ్డని తిరగవైపు పైకి వచ్చేలా నిలువునా మడిచి, అంచు కుట్టి గొట్టంలా చెయ్యాలి. ఒక కొసకి పిన్నీసు పెట్టి, దాన్ని గొట్టంలోంచి పాకించి, లోపలిది బయటికి లాగాలి. అంతే.

7.20: గొట్టం అయింది.
7.30: పిన్నీసు లోపలికి వెళ్లింది.
7.45: సగం దూరంలో ఉంది. వేలితో తడిమితే తెలుస్తోంది.
7.50: లోపల పిన్నీసు విచ్చుకుంది. అది వేలికి ఇంకా బాగా తెలిసింది.

పట్టీ బల్లమీద పడేసి భోజనానికి వెళ్లాను. రేపు చూద్దాం.

5, శుక్రవారం. సాయంత్రం 6.40

వింత! ఆఫీసు నుంచి వచ్చేసరికి పిన్నీసు బల్లమీద ఉంది, బుద్ధిగా మూసుకుని. పట్టీ అంచు నాలుగు అంగుళాల మేర ఊడిపోయి ఉంది. కుట్టు ఊడి, పిన్నీసు దానంతటదే జారి బయటపడి ఉంటుంది.

అంటే దారం నాసిరకం! అనవసరంగా నా చేతిని అనుమానించాను.

గొట్టం పద్ధతి వదిలేశాను. అంచులు లోపలికి మడిచి, పైనుంచి కుట్టేయడమే. కొంచెం అటూ ఇటూ పోయింది కానీ, పట్టీ పట్టీలాగే ఉంది.

6, శనివారం. సాయంత్రం 5.00

మళ్లీ ఊడింది. ఈసారి తొమ్మిది అంగుళాలు. దారంలో లోపం ఉందనడానికి ఇంకేం కావాలి? మళ్లీ కుట్టాను.

6.55: కుట్టు నీళ్లలా సాగిపోయింది. జీవితంలో ఇంత హాయిగా ఎప్పుడూ కుట్టలేదు.
7.05: లేవబోయాను. మిషను కూడా నాతో లేవబోయింది. చొక్కా అంచు పట్టీతో కలిపి కుట్టేశాను.

మా ఆవిడ వచ్చి బ్లేడుతో విడిపించింది. ఏమీ అనలేదు. అనకపోవడం ఇంకా బాధ. కిటికీ వైపు తిరిగి కూచున్న అత్తయ్య భుజాలు కదులుతున్నాయి. చలేస్తోందేమోనని దుప్పటి కప్పాను.

7, ఆదివారం

సెలవు. మధ్యాహ్నం భోంచేసి కాసేపు కన్ను మూశాను. కాసేపు అంటే మూడు గంటలు. చేతికి విశ్రాంతి కూడా పనిలో భాగమే అని ఏదో వీడియోలో చెప్పారు.

8, సోమవారం. సాయంత్రం 6.30

పదిహేడు అంగుళాలు ఊడింది. దారం రోజురోజుకీ దిగజారుతోంది. ఇక ఉపేక్షించకూడదు. కాగితం తీసి గళ్లు గీసి పట్టిక తయారుచేశాను:

శుక్రవారం: 4 అంగుళాలు
శనివారం: 9
సోమవారం: 17

దారం అమ్మిన కొట్టువాడికి చూపిస్తాను. మనం నోటిమాటతో వెళ్లం, రుజువుతో వెళ్తాం. పరీక్ష కూడా చేశాను. ఆఫీసు తూకపు రాళ్లు తెచ్చి దారానికి కట్టి వేలాడదీశాను. అరకిలో మోసింది. కిలో మోసింది. తెగలేదు! అంటే బలం ఉంది, నిలకడ లేదు. మనుషుల్లో కూడా ఇలాంటివాళ్లుంటారు.

ఇంకో సాక్ష్యం: అత్తయ్య ఒళ్లో కూడా నీలం దారపు ముక్కలు కనిపించాయి. ఊడిన దారం గాలికి కిటికీ దాకా ఎగిరిపోతోంది!

నా వాదన అంతా విని మా ఆవిడ ఒకటే మాట అంది. "ఆడలేక మద్దెల ఓడు." అత్తయ్య దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

9, మంగళవారం. సాయంత్రం 6.30

ముప్పై అంగుళాలకి ముప్పై! పట్టీ మొత్తం ఈ కొస నుంచి ఆ కొసదాకా ఊడింది. పట్టికలో ఎర్రసిరాతో రాశాను. రెండో పట్టీ కూడా కోసి, రెండూ కుట్టాను. చూద్దాం ఈ దారం ఎంతకి తెగిస్తుందో.

కుట్టు వంకరగా ఉందని అమ్మాయి అంటోంది. వంకర కాదు. ఆ బల్బు వెలుతురు అలా పడుతోంది. కుర్చీ కూడా అంగుళం పొట్టి.

10, బుధవారం. సాయంత్రం 7.30

వీధి చివర దర్జీ దగ్గరికి వెళ్లాను. ఇది సాయం కిందికి రాదు, సంప్రదింపు. సంచీ, పట్టీలూ కాగితంలో చుట్టి, చంకలో పెట్టుకుని, చుట్టుపక్కల ఎవరూ లేనిది చూసి లోపలికి దూరాను.

దర్జీ సంచి అటూ ఇటూ తిప్పి, లోపలి కుట్టు చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఇది అమ్మగారి చెయ్యి కదా సార్! ఎక్కడ లెక్కపెట్టినా అంగుళానికి పదకొండు కుట్లే. నాకు కత్తెర పట్టుకోవడం నేర్పింది ఆవిడే. ఆవిడ చెప్పకుండా దీనిమీద నా సూది పెట్టను."

"ఆవిడకి చెయ్యి బాగా లేదయ్యా."

"తెలుసు సార్. అందుకే పెట్టను." తర్వాత పట్టీలు తీశాడు. "ఇవి ఎవరికి?"

"మా ఆవిడకి."

"కొలత ఎవరి భుజానికి తీశారు?"

నేను ఆరడుగులు. మా ఆవిడ అయిదు. ఈ పట్టీలతో సంచి తగిలించుకుంటే నడిచినంతసేపూ మోకాళ్లకి కొట్టుకుంటుంది. ముప్పయ్యేళ్లు ఊరి కొలతలు దిద్దిన నేను ఇలా పప్పులో కాలేశాను.

"ఇంకో మాట సార్. ఇక్కడ పాత కుట్టు ఎవరో విప్పారు. గుడ్డ పోగు ఒక్కటి లేవకుండా విప్పారు. పని తెలిసిన చెయ్యి."

"ఎవరూ విప్పలేదు. ఊడింది" అన్నాను.

"ఊడితే ఇలా ఉండదు సార్."

వాడికేం తెలుసు? సంచి చుట్టుకుని వచ్చేశాను.

11, గురువారం. సాయంత్రం 6.30

రెండు పట్టీలూ ఊడాయి. అరవై అంగుళాలు, ఒక్క రోజులో. పట్టిక పూర్తి చేసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. రేపు అత్తయ్యని డాక్టరుకి చూపించి, వచ్చేటప్పుడు కొట్టువాడి సంగతి తేలుస్తాను.

12, శుక్రవారం. సాయంత్రం 5.00

కొట్టుకి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో రాస్తాను.

డాక్టరు అత్తయ్య బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక కాగితం పెట్టి, గట్టిగా పట్టుకోమని లాగాడు. కిందటిసారి పట్టగానే జారిపోయింది. ఈసారి కాగితం చిరిగింది కానీ జారలేదు. డాక్టరు ఇంకో కాగితం పెట్టాడు. అదీ చిరిగింది.

"బంతి బాగా పిసుకుతున్నట్టున్నారే!"

"బంతి ముట్టుకోలేదండీ."

"మరేం చేస్తున్నారు?"

అత్తయ్య నేల చూసింది. నన్ను చూసింది. "మా అల్లుడు కుట్టింది విప్పుతున్నానండీ" అంది.

నాకు పిన్నీసు గుర్తొచ్చింది. గాలికి ఎగిరిన దారపు ముక్కలు గుర్తొచ్చాయి. నేను దుప్పటి కప్పిన భుజాలు గుర్తొచ్చాయి.

డాక్టరు మాత్రం కుర్చీలో ముందుకి జరిగాడు. "దారం కొస గిల్లి పట్టుకుని లాగడం! వేళ్లకి దీన్ని మించిన పని లేదు. రోజుకి ఎంత విప్పుతున్నారు?"

"నాకేం తెలుసండీ. కూచుంటే అలా పోతూ ఉంటుంది."

నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. పట్టిక తీసి డాక్టరు ముందు పెట్టాను. నాలుగు, తొమ్మిది, పదిహేడు, ముప్పై, అరవై. వారాలతో సహా. డాక్టరు వేలు పెట్టి వరసగా చదివి, "ఇంత చక్కగా లెక్క రాసే ఇంటివాళ్లని నేను చూడలేదు" అని దాన్ని తన ఫైల్లో పెట్టుకున్నాడు. ముప్పయ్యేళ్లలో నా కొలతని ఇంత ఆప్యాయంగా ఎవరూ ఫైల్లో పెట్టలేదు.

"మూడు నెలలు ఇలాగే సాగాలి. ఆపారంటే మళ్లీ మొదటికొస్తుంది" అన్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు అడిగాను. "నాకు ముందే ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"చెప్తే కుట్టడం మానేస్తారుగా బాబూ."

"అంటే చేతికి మంచిదనే విప్పారా?"

"చెయ్యి సంగతి నాకేం తెలుసు? వంకర కుట్టు కళ్లెదురుగా ఉంటే కూచోలేను. నలభై ఏళ్ల రోగం."

13, శనివారం. ఉదయం 9.00

ఓటమి ఒప్పుకుంటున్నాను. మాటలు కోటలు దాటాయి, సూది గుడ్డ దాటలేదు. రేపు గడువు. సంచికి ఇంకా పట్టీ లేదు. "పోనీలెండి, నా పాత సంచితోనే వెళ్తాను" అంది మా ఆవిడ. ఎగతాళిగా అన్నా బాగుండేది. మామూలుగా అంది.

అత్తయ్య వింది. కిటికీ వైపు తిరిగింది. ఆ సంచిని కూతురి భుజాన చూడాలని తప్ప ఆవిడకి ఈ నెలలో ఇంకో కోరిక లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. మాట ఇచ్చిందీ, నిలబెట్టుకోనిదీ నేను. అన్నం సయించలేదు. మారు వడ్డించుకోలేదు.

14, ఆదివారం. ఉదయం 10.30

ఆదివారమైనా ఈ రోజు సెలవు తీసుకోలేదు. మిషను ముందు కూచుని సూదిలో దారం ఎక్కిస్తున్నాను, పదోసారి. వెనక నుంచి, "లేవండి" అని వినిపించింది.

అత్తయ్య! కుర్చీలో మెత్త తీసి నా చేతికిచ్చి, తను కూచుంది. గుడ్డ మీద టేపు పెట్టలేదు. జానతో కొలిచింది, మూడు జానలు, కొసన రెండు వేళ్లు. "నా కూతురి భుజం నాకు తెలీదా!" మిగిలింది కత్తిరించేసింది.

"చేతికే బలం చాలదు, కాళ్లు కూడా నేనెక్కడ ఆడించను? మీరు తొక్కండి" అంది.

స్టూలు వేసుకుని పక్కనుంచి తొక్కాను. "మెల్లగా... మెల్లగా అన్నానా! తరుముకొస్తున్నారా ఎవరైనా?" గుడ్డ ఆవిడ వేళ్ల కిందనుంచి కదిలిపోయింది. గీత గీసినట్టు. మధ్యలో ఒక్కచోట వెంట్రుకవాసి పక్కకి పోయింది. అది నేను "భలే అత్తయ్యా!" అని అరిచినప్పుడు.

ఒక పట్టీ అయ్యేసరికి చెయ్యి అలిసిపోయింది. ఒళ్లో పెట్టుకుని రుద్దుకుంది. "రెండోది?" అన్నాను.

"రెండోది మీరు."

కుట్టాను. వంకరే. విప్పడానికి టైము లేదు. రెండూ సంచికి తగిలించేశాం.

15, సోమవారం. సాయంత్రం 7.00

ఉదయం 9.10కి మా ఆవిడ సంచి భుజానికి వేసుకుని గుమ్మం దాటింది. మోకాళ్లకి తగల్లేదు. సరిగ్గా నడుం దగ్గర ఆగింది. అత్తయ్య గుమ్మంలోకొచ్చి, వీధి మలుపు తిరిగేదాకా నిలబడింది. నెలరోజుల్లో ఆ కుర్చీ వదిలి అంతసేపు నిలబడటం ఇదే మొదలు. తర్వాత, "ముందు పట్టీ బాగుంది. వెనకది ఇంటికొచ్చాక విప్పాలి" అంది.

సాయంత్రం మా ఆవిడ చెప్పింది. లైబ్రరీలో అందరూ సంచి ఎవరు కుట్టారని అడిగారట. "ఒక పట్టీ మా అమ్మ, ఒక పట్టీ మా ఆయన" అందట. ఏది ఎవరిదని ఒక్కరూ అడగలేదట.

16, మంగళవారం. సాయంత్రం 7.30

వెనక పట్టీ అత్తయ్య విప్పేసింది. మా ఆవిడ సంచిని సోఫా మీద పెట్టి, "తీరిగ్గా కుట్టండి. మీరు కుట్టండి, అమ్మ విప్పుతుంది. డాక్టరు చెప్పాడుగా, మూడు నెలలు" అంది.

అంటే నన్ను మందుగా వాడుతున్నారు. పౌరుషం పొడుచుకొచ్చింది. ఊపిరి బిగబట్టి, నోరు మూసుకుని, మెల్లగా తొక్కాను.

తిన్నగా వచ్చింది!! ఈ కొస నుంచి ఆ కొసకి! టేపు పెట్టి చూశాను, స్కేలు పెట్టి చూశాను. తిన్నగా! అమ్మాయిని పిలిచి చూపించాను. అదీ ఏమీ అనలేకపోయింది!

పట్టీ తీసుకెళ్లి అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ కుట్లు విప్పే చిన్న బ్లేడు అప్పటికే పక్కన పెట్టుకుని కూచుంది. పట్టీని వెలుతురుకి పెట్టి చూసింది. తిరగేసి చూసింది. కొసలు చూసింది. "తిన్నగానే ఉందే" అంది. బ్లేడు తీసి గూట్లో బంతి పక్కన పెట్టింది. చేతులు మళ్లీ ఒళ్లోకి వెళ్లాయి. వీధి వైపు తిరిగింది.

నా జీవితంలో మొదటి తిన్నని కుట్టు. ఇంత దిగులు పుట్టించే వస్తువు నేనెప్పుడూ తయారుచెయ్యలేదు.

17, బుధవారం. సాయంత్రం 7.30

వేరే గుడ్డముక్క తీసుకుని కావాలని వంకరగా కుట్టాను. పాములా, మెలికలు మెలికలుగా. కష్టపడి. తీసుకెళ్లి ఏమీ తెలీనట్టు అత్తయ్య ఒళ్లో పెట్టాను.

ఒక్క చూపు చూసి తిరిగిచ్చేసింది.

"ఇది దొంగ వంకర బాబూ. నేను విప్పను."

"వంకర వంకరే కదా అత్తయ్యా?"

"కాదు. అసలు వంకర తిన్నగా కుట్టాలనుకున్నవాడికే వస్తుంది."

ఇప్పుడేం చెయ్యాలి? పట్టీలు తిన్నగా వచ్చేశాయి. కావాలని చెడగొడితే దొరికిపోతాను. మిషను ముందు అరగంట కూచున్నాను. అమ్మాయి వచ్చి అడిగింది, "నాన్నా, నాక్కూడా అమ్మలాంటి సంచి కుడతావా? జిప్పు ఉండాలి. గుండ్రటి జేబులుండాలి."

జిప్పు! గుండ్రటి జేబులు! వీడియోలో చూశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు చచ్చినా రాదు!

8.00: నిర్ణయం తీసుకున్నాను. అమ్మాయికి సంచి నేనే కుడతాను. జిప్పుతో సహా. గడువు మూడు నెలలు. మనస్ఫూర్తిగా, తిన్నగా కుట్టడానికే ప్రయత్నిస్తాను. ఎవరి సాయమూ తీసుకోను. రేపు సాయంత్రం 6.30కి మొదలు.

కొత్త పట్టిక గీశాను. గళ్లు తొంభై.

అత్తయ్య గూట్లోంచి బ్లేడు తీసుకుంది.